కొలిచి కనుగొన్న వైద్యుడు – యల్లాప్రగడ సుబ్బారావు

ధవళేశ్వరం దాటిన తరువాత గోదావరి పాయలుగా చీలి సముద్రాన్ని చేరుతుంది. గౌతమి, వసిష్ఠ పాయల నడుమ ఏర్పడిన సారవంతమైన నేల కోనసీమ. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలోని కొబ్బరితోటలనూ వరిచేలనూ చూసినవారు ఆ నేల భాగ్యాన్ని మెచ్చుకోకుండా ఉండలేరు. అయితే ఆ నీటి సమృద్ధికి మరొక ముఖం కూడా ఉంది. మురుగు నిలిచినచోట దోమ పుట్టింది; దోమ వెంట బోదకాలు వచ్చింది. కాలు వాచి, చర్మం మందమై, అడుగు తీసి అడుగు వేయడమే భారమైన మనుషులు తరతరాలుగా ఈ డెల్టా గ్రామాలలో కనిపించేవారు. వాపు కంటికి తెలిసేనాటికి వ్యాధి ఒంట ప్రవేశించి ఏళ్లు గడిచి ఉండేవి. రోగం ఎవరిలో ఉన్నదో, ఎంత ఉన్నదో తెలియనప్పుడు వైద్యుడు చేయగలిగినది స్వల్పమే. 1947లో ఈ వ్యాధికి ఒక మందు లోకానికి అందింది. దానిని వెలికితీసిన పరిశోధనాలయానికి నాయకత్వం వహించినవారు, కోనసీమకు పడమటగా వసిష్ఠకు ఆవలివైపున ఉన్న భీమవరంలో పుట్టిన తెలుగువారు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు పేరు చెప్పగానే ఆయన అందించిన ఔషధాల జాబితాను వల్లించడం పరిపాటి. నోబెల్ బహుమతి రాలేదని చింతించడం కూడా పరిపాటియే. ఆ రెండింటికంటె ముందు తెలుసుకోదగినది మరొకటి ఉన్నది. ఆయన శాస్త్రజీవితం మందుతో మొదలుకాలేదు. ఒక కొలతతో మొదలైంది. రక్తంలో భాస్వరం ఎంత ఉన్నదో నీలిరంగు ద్వారా తేల్చే పద్ధతి అది. ఆ తరువాత ఆయన చేపట్టిన ప్రతి పనిలోనూ ముందు కొలమానాన్ని ఏర్పరచుకోవడం, పిమ్మట పదార్థాన్ని వెతకడం అనే క్రమం కనిపిస్తుంది.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిరుద్యోగి, తల్లి వెంకమ్మ. తండ్రి అనారోగ్యం కారణంగా ఉద్యోగం ముందుగానే విరమించడంతో కుటుంబం ఇబ్బందుల పాలైంది. బాల్యం రాజమహేంద్రవరంలో గడిచింది. చదువుపై మనసు నిలవని ఆ బాలుడు పదమూడేళ్ల ప్రాయంలో, కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు గడించాలని ఇల్లు విడిచి బయలుదేరాడు. పెద్దలు దారిలోనే పట్టుకొని వెనుకకు తీసుకొనివచ్చారు. తండ్రి మరణించిన తరువాత తల్లి తన నగలను తాకట్టుపెట్టి చదివించింది. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కారు. ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ ముగిసేనాటికి ఆయన మనసు సన్యాసంవైపు మొగ్గింది. తల్లి అంగీకరించలేదు. రామకృష్ణ మఠంవారి సాంగత్యం ఆయనకు సేవాదృష్టిని కలిగించగా, వైద్యవిద్యను ఎంచుకున్నారు.

మద్రాసు వైద్యకళాశాలలో చదివే రోజులలో గాంధీజీ పిలుపునందుకొని ఖద్దరు ధరించారు. శస్త్రచికిత్స వేళ కూడా ఖద్దరు దుస్తులే వేసుకోవడం ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్‌కు ఆగ్రహం తెప్పించింది. రాతపరీక్షలో సమర్థత చూపినప్పటికీ పూర్తిస్థాయి ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. ధ్రువపత్రమే ఆయనకు దక్కింది. దానితో ప్రభుత్వోద్యోగానికి దారి మూసుకుపోయింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి మద్రాసులో నడుపుతున్న ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రాన్ని బోధిస్తూ కొంతకాలం గడిపారు.

ఈ దశలోనే ఆయన జీవితగతిని మార్చిన విషాదం సంభవించింది. ఇద్దరు సోదరులు కొద్దిరోజుల వ్యవధిలో కన్నుమూశారు. అన్న పురుషోత్తంను బలిగొన్నది స్ప్రూ అనే ఉష్ణమండల వ్యాధి. మన వైద్యులు దీనిని గ్రహణి వర్గంలో చేర్చేవారు. తిన్న ఆహారంలోని సారం పేగులకు పట్టదు; రోగి చిక్కి శల్యమవుతాడు; రక్తం పలుచబడుతుంది. అప్పటికే రక్తకణాలను సూక్ష్మదర్శిని కింద లెక్కించే విధానం ఉన్నది. కాబట్టి రక్తం తగ్గినదని తెలిసేది. ఏ పదార్థపు లోటువల్ల తగ్గినదో మాత్రం తెలిసేది కాదు. ఆ పదార్థానికి పేరు లేదు. దానిని కొలిచే సాధనమూ లేదు. వైద్యపట్టా చేతిలో ఉన్న తమ్ముడు అన్న ప్రాణాన్ని నిలుపలేకపోయాడు.

అమెరికా వెళ్లి ఉష్ణమండల వ్యాధులను అధ్యయనం చేయాలని సుబ్బారావు నిశ్చయించుకున్నారు. 1919లో ఆయనకు శేషగిరితో వివాహమైంది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి కొంత ధనం సమకూర్చగా, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కూడా చేయూతనిచ్చింది. భార్యను పుట్టింట వదలి, 1920వ దశకం తొలినాళ్లలో ఆయన బోస్టన్ నగరం చేరారు. తిరిగి స్వదేశానికి రానేలేదు. ఆయన వెళ్లిన తరువాత పుట్టిన కుమారుడు పసితనంలోనే మరణించాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడనే లేదు. ఆయన కీర్తిని తలచుకొనేటప్పుడు శేషగిరమ్మ నిరీక్షణను కూడా తలచుకోవడం న్యాయం.

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వైద్యశాస్త్రంలో చేరిన సుబ్బారావుకు వేతనం లేదు. పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలను శుభ్రపరచే కొలువు. ఆ డిప్లొమా పూర్తయిన తరువాత జీవరసాయన శాస్త్ర విభాగంలో ప్రవేశించారు. దానికి అధిపతి ఆటో ఫోలిన్. కొద్దిపాటి రక్తంలోనే చక్కెరవంటి పదార్థాల మోతాదును రంగు ద్వారా తేల్చే పద్ధతులకు ఆయన ప్రసిద్ధుడు. అంతకు పూర్వం ఇటువంటి విశ్లేషణకు ఎక్కువ రక్తం కావలసి వచ్చేది. మంచం పట్టిన రోగినుంచి, అందునా పసిపిల్లలనుంచి, పదేపదే అంత రక్తం తీయడం సాధ్యమా? ఫోలిన్ బాట వేసిన తరువాతనే రక్తపరీక్ష రోగి పడక వద్దకు చేరింది. ఆ విభాగంలోని సైరస్ ఫిస్కే వద్ద సుబ్బారావు పనికి కుదిరారు. రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరాన్ని కొలిచే మెరుగైన పద్ధతిని కనుగొనడం ఆయనకు అప్పగించిన పని.

భాస్వరాన్ని కొలవడానికి బెల్, డాయిజీ అనే శాస్త్రజ్ఞులు 1920లో ఒక పద్ధతిని ప్రకటించి ఉన్నారు. అందులో ఏర్పడే రంగు నిలకడగా ఉండేది కాదు. ద్రవంలోని ఇతర లవణాలు ఫలితాన్ని తారుమారు చేసేవి. ఫిస్కే, సుబ్బారావులు 1925లో ప్రకటించిన పద్ధతి ఈ చిక్కులను చాలావరకు తొలగించింది. అందులోని క్రమం ఇది. ముందుగా రక్తంలోని మాంసకృత్తులను ఆమ్లంతో గడ్డకట్టించి వడపోస్తారు. వడిసిన ద్రవానికి ఆమ్లంతో కూడిన అమ్మోనియం మాలిబ్డేటును చేరుస్తారు. భాస్వరం ఫాస్ఫేటు రూపంలో ఉంటే మాలిబ్డేటుతో కలుస్తుంది. తరువాత క్షయకరణి ఒకటి కలుపగానే ద్రవం నీలివర్ణం పొందుతుంది. భాస్వరం ఎక్కువైన కొలదీ నీలం చిక్కబడుతుంది. సరైన క్షయకరణిని ఎంచుకోవడంలోనే వారి నేర్పు ఉన్నది. ఇక కలరీమీటరులో కంటి ఎదుట రెండు అర్ధవలయాలు కనిపిస్తాయి. ఒకవైపు మోతాదు తెలిసిన ద్రవం, రెండవవైపు రోగి రక్తంనుంచి తీసిన ద్రవం. రెండు నీలాలూ సరిసమానంగా కనబడేవరకు ద్రవాల లోతును సవరిస్తే, ఆ లోతుల నిష్పత్తియే భాస్వరం లెక్క చెబుతుంది.

ఇంత చిన్న పనికి వైద్యంలో ఏమి విలువ అనే సందేహం కలుగవచ్చు. పెద్దవారి రక్తరసంలో నూరు మిల్లీలీటర్లకు సుమారు 2.5 నుంచి 4.5 మిల్లీగ్రాముల భాస్వరం ఉండడం సహజం. ఎముకలు మెత్తబడి వంగిపోయే రికెట్స్ వ్యాధి సోకిన పిల్లలలో ఇది పడిపోతుంది. మూత్రపిండాలు చెడినవారిలో పెరుగుతుంది. కంఠంలోని పారాథైరాయిడ్ గ్రంథుల తీరు మారినా ఈ లెక్క మారుతుంది. కాళ్లు వంకర తిరిగిన బిడ్డను చూసి రికెట్స్ అని ఎవరైనా చెప్పగలరు. కాళ్లు వంగకముందే చెప్పాలంటే సంఖ్య కావాలి. చికిత్స ఫలిస్తున్నదో లేదో ఎముక నిటారుగా పెరిగేవరకు వేచిచూడకుండా, కొద్దివారాలలోనే ఆ సంఖ్య తెలుపుతుంది. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి దశాబ్దాలపాటు ప్రపంచమంతటా ప్రయోగశాలలలో వాడుకలో ఉండి, జీవరసాయన విద్యార్థులకు నిత్యపాఠమైంది. నేటి ఆసుపత్రులలో భాస్వరాన్ని లెక్కించే స్వయంచాలక యంత్రాలు కూడా ఎక్కువగా ఆ మాలిబ్డేటు చర్యనే ఆధారం చేసుకొంటాయి.

ఆ కొలత మరొక తలుపు కూడా తెరిచింది. కండరంనుంచి తీసిన ద్రవాన్ని పరీక్షించినప్పుడు నీలిరంగు వెంటనే పూర్తిగా రాలేదు. కాలం గడిచిన కొలదీ చిక్కబడుతూ పోయింది. తొందరపాటు గలవారైతే పరీక్షలో పొరపాటు దొర్లిందని పారబోసి ఉందురు. తమ పద్ధతి ఎంత నమ్మదగినదో తెలిసినందువల్ల ఫిస్కే, సుబ్బారావులు తప్పు ద్రవంలోనే వెతికారు. కండరంలో భాస్వరం ఏదో సున్నితమైన బంధంలో ఇమిడి ఉన్నదనీ, ఆమ్లంలో ఆ బంధం మెల్లగా విడిపోతున్నందునే రంగు ఆలస్యమవుతున్నదనీ గ్రహించారు. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో దీనిని ప్రకటించారు. అదే కాలంలో లండన్‌లో ఎగిల్‌టన్ దంపతులు కూడా ఇటువంటి పదార్థాన్నే విడిగా గుర్తించారు. కండరం పనిచేసినప్పుడు ఇది తరిగి, విశ్రాంతిలో తిరిగి నిండుతుంది. కండరశక్తికి లాక్టిక్ ఆమ్లమే మూలమని అప్పటివరకు నెలకొన్న అభిప్రాయం దీనితో సడలింది.

1929లో ఫిస్కే, సుబ్బారావులు ఎడినోసిన్ ట్రైఫాస్ఫేటును, అనగా నేడు ప్రతి జీవశాస్త్ర విద్యార్థి ఏ.టి.పి. అని పిలిచే పదార్థాన్ని, కండరంనుంచి వేరుచేసి ప్రకటించారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రంగా ఇదే ఫలితాన్ని సాధించారు. జీవకణం శక్తిని నిలువచేసుకొని వ్యయం చేసే నాణెం ఇదే. తరువాతి తరాలలో ఈ రెండు పదార్థాలను ఒంటినుంచి బయటికి తీయకుండానే కొలిచే సాధనాలు వచ్చాయి. 1981లో ఆక్స్‌ఫర్డ్ వైద్యులు అయస్కాంత అనునాదం సహాయంతో, కొద్దిపాటి శ్రమకే కండరాలు పట్టేసే మెకార్డిల్ వ్యాధి గల ఒక రోగి చేతిలోని భాస్వర పదార్థాల హెచ్చుతగ్గులను సూది గుచ్చకుండానే నమోదు చేశారు. ఆ వైద్యులు కొలిచినది ఫాస్ఫోక్రియాటిన్‌నూ ఏ.టి.పి.నీ!

1930లో హార్వర్డ్ ఆయనకు పి.హెచ్‌డి. పట్టాను ప్రదానం చేసింది. స్థిరమైన ఆచార్య పదవి మాత్రం ఇవ్వలేదు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడుల ఫలితాలు ఆనాడు వెలుగుచూడక, కొన్నేళ్ల తరువాత ఇతరులు తిరిగి కనుగొనవలసి వచ్చిందని, ఆ విభాగంలో చదివి తరువాత నోబెల్ బహుమతి పొందిన జార్జి హిచింగ్స్ వెల్లడించారు. సుబ్బారావు స్వభావరీత్యా తనను తాను చాటుకొనే మనిషి కారు. అది సద్గుణమే; శాస్త్రచరిత్రలో ఆ గుణానికి చెల్లించవలసిన మూల్యమూ ఉన్నది.

హార్వర్డ్‌లో ఉన్నప్పుడే ఆయన కాలేయం వైపు దృష్టి మళ్లించారు. పెర్నీషియస్ ఎనీమియా అనే ప్రాణాంతక రక్తహీనతకు కాలేయాన్ని ఆహారంగా ఇస్తే రోగి కోలుకొంటున్నాడని బోస్టన్ వైద్యులు మైనాట్, మర్ఫీలు 1926లో చూపారు. కాలేయంలోని ఏ పదార్థం ఆ పని చేస్తున్నదన్నది ప్రశ్న. అంతకుముందు అన్నను పొట్టనబెట్టుకొన్న స్ప్రూలోనూ రక్తం ఇదే తీరున క్షీణిస్తుంది. 1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలలలో చేరి, కొద్దికాలంలోనే పరిశోధన విభాగానికి సంచాలకులయ్యారు. ఆ ప్రశ్నకు సమాధానం వెతకడానికి కావలసిన మనుషులూ వనరులూ అక్కడ లభించాయి.

ఇక్కడా మొదట ఎదురైన సమస్య కొలతయే. కాలేయసారాన్ని అనేక భాగాలుగా విడదీస్తే, మేలు చేసే పదార్థం ఏ భాగంలోకి వెళ్లిందో తెలిసేదెట్లా? ప్రతి భాగాన్నీ రోగికి ఇచ్చి వారాల తరబడి చూడడం అసాధ్యం. దీనికి లాక్టోబాసిల్లస్ కేసియై అనే సూక్ష్మజీవి తోడ్పడింది. తనకు అవసరమైన ఆ పదార్థం అందితేనే ఇది పెరుగుతుంది. అందిన మేరకే ఆమ్లాన్ని తయారుచేస్తుంది. ఆ ఆమ్లాన్ని కొలిస్తే పదార్థం లెక్క తేలుతుంది. ఒక సూక్ష్మజీవినే తక్కెడగా వాడుకొన్నారన్నమాట. సుబ్బారావు సారథ్యంలో స్టాక్‌స్టాడ్ మొదలైన శాస్త్రజ్ఞులు ఈ విధంగా పదార్థాన్ని శుద్ధరూపంలో సాధించగా, 1945లో దాని కృత్రిమ తయారీని ప్రకటించారు. అదే ఫోలిక్ ఆమ్లం. 1946 నాటికి స్ప్రూ రోగులలో ఇది రక్తాన్ని పుంజుకొనేటట్లు చేస్తుందని తేలింది. అన్న మరణించి పాతికేళ్లు దాటింది. పెర్నీషియస్ ఎనీమియాకు మాత్రం ఇది సంపూర్ణ చికిత్స కాలేదు. రక్తం మెరుగుపడినా నరాల క్షీణతను ఇది ఆపలేదు. అందుకు కావలసిన బి12 విటమిన్‌ను 1948లో ఇతర సంస్థలు వేరుచేశాయి. నేడు గర్భిణులకు ఇచ్చే మాత్రలలో ఇనుముతోపాటు ఉండేది ఈ ఫోలిక్ ఆమ్లమే.

ఫోలిక్ ఆమ్లం కణవృద్ధికి అవసరమైతే, దానిని పోలిన వేరొక పదార్థంతో కణాలను మోసగించి వృద్ధిని ఆపలేమా అన్న ఆలోచన నుంచి ఎమినాప్టెరిన్ పుట్టింది. లెడర్లీ తయారుచేసిన ఈ మందును బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ లుకేమియా సోకిన పిల్లలకు ఇచ్చారు. 1948 జూన్‌లో ప్రచురించిన ఫలితాల ప్రకారం 16 మందిలో 10 మందికి తాత్కాలికంగా ఉపశమనం కలిగింది. తెల్లరక్తకణాల లెక్క, ఎముకమజ్జ పరీక్ష లేకుంటే ఆ ఉపశమనం నిజమో భ్రమో చెప్పడం కష్టమయ్యేది. దాని సోదర ఔషధం మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉన్నది. లెడర్లీలోనే బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవినుంచి వెలికితీసిన ఆరియోమైసిన్ కూడా 1948లో లోకానికి పరిచయమైంది.

ఇక బోదకాలు. దీనికి కారణమైన సన్నని పురుగులు శోషరస నాళాలలో కాపురముంటాయి. వాటి పిల్లలను మైక్రోఫైలేరియాలు అంటారు. అవి పగలు లోతైన రక్తనాళాలలో దాగి, రాత్రివేళ చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. దోమ రాత్రివేళ కుట్టేది గనుక వాటికి ఇది అనువైన ఏర్పాటు. దోమ ఈ పురుగులకు ఆశ్రయమిస్తున్నదని పాట్రిక్ మాన్సన్ చైనాలో 1877లోనే గుర్తించారు. రెండవ ప్రపంచయుద్ధకాలంలో పసిఫిక్ దీవులలో అమెరికా సైనికులకు ఈ వ్యాధి సోకడంతో మందు కోసం వెతుకులాట ముమ్మరమైంది. లెడర్లీ శాస్త్రజ్ఞులు ఇటువంటి పురుగే సోకే పత్తిచేల ఎలుకలను ఎంచుకొన్నారు. ఒక్కొక్క రసాయనాన్ని ఇచ్చి, ముందూ తరువాతా చుక్కరక్తంలో పురుగుపిల్లలను లెక్కించారు. లెక్క తగ్గించని రసాయనాన్ని పక్కనపెట్టారు. ఆ జల్లెడలో నిలిచినది డైఇథైల్ కార్బమజిన్, వ్యాపారనామం హెట్రాజాన్. 1947లో పోర్టోరికో రోగులలో దీని ఫలితాలు వెలువడ్డాయి.

మరుసటి సంవత్సరం, 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో సుబ్బారావు న్యూయార్క్‌లో నిద్రలోనే హృద్రోగంతో మరణించారు. దాదాపు పాతికేళ్లు ఆ దేశంలో ఉండి కూడా ఆయన అమెరికా పౌరసత్వం స్వీకరించలేదు. 1953లో కొత్తగా గుర్తించిన ఒక శిలీంధ్రానికి సుబ్బరోమైసిస్ స్ప్లెండెన్స్ అని నామకరణం చేశారు. శతజయంతి సంవత్సరమైన 1995లో భారత తపాలా శాఖ ఆయన చిత్రంతో బిళ్లను విడుదల చేసింది.

1955లో భారత ప్రభుత్వం జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమాన్ని ఆరంభించింది. రాజమహేంద్రవరంలో ఈ వ్యాధికి శిక్షణ, పరిశోధన కేంద్రం వెలసింది. పురుగుపిల్లలు బయటికి వచ్చే వేళ రాత్రి గనుక రక్తపరీక్షా రాత్రివేళనే జరగాలి. జనం భోజనాలు ముగించి పడుకొనే సమయంలో సిబ్బంది లాంతరుతోనో టార్చిలైటుతోనో ఇంటింటికీ వెళ్లి, వేలు గుచ్చి, సుమారు 20 ఘనపు మిల్లీమీటర్ల రక్తాన్ని గాజుపలకపై పూసేవారు. నిద్రమత్తులో ఉన్న మనిషి, ఏ జబ్బూ లేని తన వేలు ఎందుకు గుచ్చుతున్నారని విసుక్కోవడం సహజమే. కాలు వాచినవారి రక్తంలో తరచు పురుగుపిల్లలు కనిపించవు. ఏ వాపూ లేని ఆరోగ్యవంతుని రక్తంలో వందలకొద్దీ ఉండవచ్చు. ఆ వ్యక్తినుంచే దోమ వ్యాధిని ఊరంతటికీ మోస్తుంది. ఎవరికి మందు ఇవ్వాలన్నది కంటిచూపుతో నిర్ణయించలేని విషయం. లెక్క తేలినవారికి శరీరబరువులో కిలోకు 6 మిల్లీగ్రాముల చొప్పున 12 రోజులు డైఇథైల్ కార్బమజిన్ ఇచ్చేవారు. అది రక్తంలోని పురుగుపిల్లలను త్వరగా తుడిచివేస్తుంది. పెద్ద పురుగులపై పని కొంతవరకే. ముదిరిన వాపును అది తగ్గించలేదు. ముదిరినవారికి పాదాన్ని రోజూ సబ్బుతో కడిగి ఆరబెట్టుకోవడం, పుండ్లు పడకుండా చూసుకోవడమే ఊరట.

2004 నుంచి దేశంలో విధానం మారింది. వ్యాధి పీడిత జిల్లాలలో, వాటిలో తూర్పు గోదావరి ఒకటి, గర్భిణులకు, పసిపిల్లలకు, తీవ్ర రోగులకు మినహా అందరికీ ఏడాదికొకసారి మాత్రలు పంచడం మొదలైంది. 2022 ఏప్రిల్ 4న ఆ జిల్లానుంచే కోనసీమ విడివడి కొత్త జిల్లాగా ఏర్పడింది. మైక్రోఫైలేరియా ఉన్నవారు నూటికి ఒకరికంటె తగ్గేవరకు మాత్రల పంపిణీ సాగాలన్నది నియమం. ఆ తరువాత మాత్రలు ఆపవచ్చునా అన్న నిర్ణయానికి వేరొక పరీక్ష ఉన్నది. పెద్ద పురుగు విడిచే ప్రతిజనకాన్ని పట్టే చిన్న పట్టీపై చుక్కరక్తం వేస్తే, పగలైనా రాత్రైనా కొద్ది నిమిషాలలో గీత కనిపిస్తుంది. ఈ పరీక్షను ఆరు, ఏడేళ్ల పిల్లలకు చేస్తారు. మాత్రల పంపిణీ సాగిన కాలంలోనే పుట్టి పెరిగిన వారు గనుక, వారి రక్తంలో గీత కనిపిస్తే ఆ ఊరిలో దోమ ఇంకా వ్యాధిని మోస్తున్నదని అర్థం.